ఊరు కూర్చుని రాసుకున్న పాఠాలు

చదువు అనగానే మనకందరికీ బడి, పంతులుగారు, పుస్తకం గుర్తొస్తాయి. పుస్తకంలో పాఠం ఉంటుంది, పాఠం చివర ప్రశ్నలుంటాయి, పరీక్షలో వాటికి జవాబులు రాస్తే పాసవుతాం. ఇంతవరకూ అందరికీ తెలుసు. కాని ఆ పాఠాన్ని ఎవరు రాశారు, ఎవరిని అడిగి రాశారు, అందులో ఫలానా మాటే ఎందుకుంది, మన ఇంట్లో వాడే మాట ఎందుకు లేదు అన్న ప్రశ్నలు మనలో ఎవరికీ తొందరగా తట్టవు. పాఠం పైనుంచి దిగి వస్తుందనీ, దాన్ని పుచ్చుకోవడమే మన వంతనీ తరతరాలుగా అలవాటు పడిపోయాం.

మన సంఘం పిల్లలకు సాయంత్రపు చదువులు, తల్లులకు అక్షరాలు నేర్పాలని సభ్యులు కొంతకాలంగా మాట్లాడుకుంటున్నారు. ఏ పుస్తకం తేవాలి, ఎక్కడ కొనాలి అన్న దగ్గర మాట ఆగుతోంది. పుస్తకం కొనడం ఒక దారి. చదువుకోబోయేవాళ్ళతోనే కూర్చుని పాఠం తయారుచేసుకోవడం ఇంకొక దారి. ఈ రెండో దారి కొత్తదేమీ కాదు. మన ఆంధ్రదేశంలోనే దీనికి నూరేళ్ళకు మించిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను క్లుప్తంగా సభ్యుల ముందు పెట్టాలన్నదే మా ఉద్దేశం.

గుంటుపల్లి కొండ చెప్పే మాట

కామవరపుకోటలో పుట్టిన పిల్లలెవరైనా ఒకసారైనా జీలకర్రగూడెం వెళ్ళి గుంటుపల్లి గుహలు చూసే ఉంటారు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటికే అక్కడ బౌద్ధ భిక్షువులు కొండను తొలిచి నివాసాలు చేసుకున్నారు. గుండ్రటి చైత్యగృహం, పైకప్పుకు చెక్క దూలాల్లాగా రాతిలోనే చెక్కిన వాసాలు, కొండ మీద వరసగా నిలిచిన స్తూపాలు ఇప్పటికీ ఉన్నాయి. విహారం అంటే పూజాస్థలం మాత్రమే కాదు, చదువు చెప్పే చోటు కూడాను.

అక్కడ దొరికిన శాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్నాయి. ప్రాకృతం అంటే ఆనాడు జనం మాట్లాడుకునే భాషలకు దగ్గరైన భాష. పండితుల సంస్కృతాన్ని పక్కనబెట్టి జనానికి దగ్గరి భాషలో బోధించాలన్నది ఆ సంప్రదాయం పట్టుదల. వినేవాడి భాషలో చెప్పడం అన్న సూత్రం మన ఊరి పక్క కొండ మీద రెండువేల ఏళ్ళ నాడే రాతి మీదికెక్కింది. అయితే భాష జనానిదైనా బోధ మాత్రం గురువుదే. పాఠం తయారీలో జనానికి చోటు దొరకడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

సవర పిల్లలకు వాచకం

ఆ చోటు మొదట ఇచ్చినవారిలో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని చెప్పుకోవాలి. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఈయన పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేశారు. వ్యావహారిక భాష కోసం పోరాడినవారుగా ఆయన్ని అందరం ఎరుగుదుం. ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం అయింది. కాని ఆ పోరాటానికి ముందే ఆయన చేసిన పని ఒకటుంది. అది సవరల చదువు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ళ భాష తెలుగూ కాదు, ఒరియా కూడా కాదు. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. రామమూర్తి పంతులుగారు సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా నేర్చుకున్నారు. కొండలెక్కి సవర గూడేలకు వెళ్ళి వాళ్ళ పాటలు, కథలు విని రాసుకున్నారు. వాటి ఆధారంగా సవర పిల్లలకు వాచకాలు తయారుచేశారు, సొంత డబ్బు పెట్టి బళ్ళు నడిపారు. ఆయన సవర వ్యాకరణ గ్రంథం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1940లో ఆయన కన్నుమూశారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పంతులుగారు సవరలకు పాఠం చెప్పే ముందు తానే సవరల దగ్గర పాఠం నేర్చుకున్నారు. ఎవరి కోసం పుస్తకం రాస్తున్నారో వాళ్ళే ఆ పుస్తకానికి మొదటి గురువులయ్యారు. ఆయన తర్వాత తెలుగు పుస్తకాల భాష గురించి అంత ధైర్యంగా వాదించగలిగారంటే, సవర పిల్లవాడి ముందు కూర్చున్న ఆ అనుభవం కూడా అందుకు ఒక కారణమై ఉండాలి. తన భాషలో పాఠం వింటే పిల్లవాడి మొహంలో కనిపించే వెలుగు ఆయన కళ్ళారా చూశారు గదా!

అదే కాలంలో మన కోస్తా జిల్లాల్లో గ్రంథాలయ ఉద్యమం లేచింది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమానికి ప్రాణం పోశారు. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెం దగ్గర పాతూరి నాగభూషణంగారి పూనికతో పుస్తకాలు పడవకెక్కి కాలవ గట్టు ఊళ్ళకు వెళ్ళాయి. పుస్తకం ఉన్న చోటికి జనం రాలేకపోతే జనం ఉన్న చోటికే పుస్తకం వెళ్ళాలన్నది ఆ పెద్దల పట్టుదల. పుస్తకం జనం దగ్గరికి వెళ్ళడం అలా జరిగింది. జనం పుస్తకంలోకి రావడం తర్వాతి కథ.

ఇటుక అనే మాటతో మొదలైన చదువు

ఆ కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం మనకు చాలా దూరంలో, బ్రెజిల్ దేశంలో జరిగింది. పాలో ఫ్రేరీ అనే విద్యావేత్త 1963లో ఆ దేశపు ఈశాన్య ప్రాంతంలో అంగికోస్ అనే చిన్న పట్నంలో కూలీనాలీ చేసుకునే 300 మందికి సుమారు 45 రోజుల్లో చదవడం, రాయడం నేర్పించి చూపించాడు. ఆ దేశంలో అప్పటికి చదువు రానివాళ్ళకు ఓటు హక్కు లేదు. కాబట్టి అక్షరం నేర్చుకోవడం అంటే ఓటు సంపాదించుకోవడమే.

ఆయన చేసిందేమంటే, ముందు పుస్తకం పట్టుకుపోలేదు. ఆయన మనుషులు వెళ్ళి జనంతో మాట్లాడేరు. ఏ మాటలు వాళ్ళ నోట్లో ఎక్కువగా నలుగుతాయో, ఏ మాట దగ్గర వాళ్ళకు కోపమో దుఃఖమో నవ్వో వస్తుందో చూసి, ఓ పదిహేను ఇరవై మాటలు ఏరుకున్నారు. ఇటుక అన్నది అలాంటి ఒక మాట. ఇటుక బొమ్మ చూపించి, ఇటుకలు మోసేవాడికి ఇల్లు ఉందా, ఎందుకు లేదు అని మాటల్లో పెట్టేవారు. మాట సాగిన తర్వాత ఆ పదాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకూ గుణింతం చెప్పేవారు. ఆ గుణింతాల్లోంచి కొత్త మాటలు కూర్చుకోవడం వాళ్ళ వంతు. మనకు గుణింతం పుట్టుకతో వచ్చిన విద్య. ఇ, టు, క అని విడదీసి ట, టా, టి, టీ అని సాగదీస్తే మన భాషలో కూడా ఆ పని ఎంత హాయిగా నడుస్తుందో ఎవరైనా చూసుకోవచ్చు.

1964లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. ఫ్రేరీని జైల్లో పెట్టి తర్వాత దేశం విడిచి వెళ్ళేట్టు చేశారు. కూలీకి అక్షరాలు నేర్పినందుకు జైలేమిటి అని మనకు అనిపించవచ్చు. పాఠంలో కూలీ బతుకుంటే, కూలీ చదివి ఊరుకోడు, ఆలోచిస్తాడు. ఆ భయం పాలకులకు ఏ దేశంలోనైనా ఒకటే. ఈ మాట నిజమని మన నెల్లూరు జిల్లా రుజువు చేసింది.

నెల్లూరు జిల్లాలో ఒక పాఠం చేసిన పని

1991 జనగణన ప్రకారం మన రాష్ట్రంలో అక్షరాస్యులు నూటికి 44 మంది. ఆడవాళ్ళలో అయితే నూటికి 33 మందికి కూడా అక్షరం రాదు. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ అక్షరాస్యతా మిషన్ పెట్టింది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం దేశంలోనే మొదటి సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అని ప్రకటించారు. ఆ ఉత్సాహంలో మన రాష్ట్రంలో కూడా జిల్లా జిల్లాకూ ఉద్యమాలు మొదలయ్యాయి. 1990-91 ప్రాంతంలో నెల్లూరులో అక్షరదీపం పేరుతో పని మొదలైంది. రాత్రిపూట లాంతర్ల దగ్గర పలకలు పట్టుకుని కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది కూలి పనికెళ్ళి వచ్చిన ఆడవాళ్ళే.

ఆ చదువుల పుస్తకాల్లో అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని ఊరుకోలేదు. కూలిరేటు, మరుగుదొడ్డి, రేషను, తాగుడు వంటి సంగతుల మీద పాఠాలుండేవి. వాటిలో ఒకటి సీతమ్మ కథ. తాగుడు వల్ల సంసారం పాడైన ఒక ఇల్లాలి కథ అది. కథ అయిపోయాక జవాబు లేదు, ప్రశ్న ఉంది. దీనికి కారణం ఎవరు అని అడిగి పాఠం ఊరుకుంటుంది. చదువుకునే ఆడవాళ్ళు జవాబు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఆ సీతమ్మ ఎక్కడో లేదు, ఆ చాప మీదే కూర్చుని ఉంది.

ఆ రోజుల్లో వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లలో ఊరూరా అమ్ముడయ్యేది. బియ్యం దొరకని గూడెంలో కూడా సారా మాత్రం గుమ్మంలోకి వచ్చేది. 1991-92లో కలిగిరి మండలంలోని దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళోకి సారా రాకుండా అడ్డం తిరిగారు. వాళ్ళ ముందు నిలబడిన వర్ధినేని రోశమ్మగారి పేరు తర్వాత ఊరి పేరుతో కలిసి దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా పాకింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. దూబగుంట సంగతినే ఒక పాఠంగా రాశారు. ఆడవాళ్ళు ఏకమైతే ఏమవుతుందన్నదే ఆ పాఠం సారం. అక్షరాలు నేర్చి పై పుస్తకానికి వచ్చిన ఊళ్ళన్నింటిలోనూ దాన్ని చదివేరు. దూబగుంటవాళ్ళు చెయ్యగా లేనిది మనం చెయ్యలేమా అని ఒక్కొక్క ఊరే లేచింది. పాఠం చదివిన ఆడవాళ్ళు పని చేసేరు. వాళ్ళు చేసిన పని మళ్ళీ పాఠమైంది. ఆ పాఠం ఇంకో ఊళ్ళో పని చేయించింది. పాఠం, పని, మళ్ళీ పాఠం అన్న ఈ చక్రం తిరగడం ప్రపంచంలోనే అరుదైన సంగతి.

సారా పాటలు ఆపమని కలెక్టరాఫీసుల దగ్గర ఆడవాళ్ళు బైఠాయించారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా అమ్మకాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. నిషేధం నిలిచిందా లేదా అన్నది వేరే చర్చ. రోశమ్మగారు 2016లో చనిపోయారు. ఆ ఆడవాళ్ళు గెలిచినంత గెలిచారు. అక్షరాలు రాని మనిషికి అక్షరాలతో పాటు తన బతుకు తనకు కనిపించేట్టు చేసిన పాఠం ఎంత దూరం పోగలదో మాత్రం చరిత్రలో నిలిచిపోయింది.

ఎనిమిది భాషల పుస్తకాలు

రామమూర్తి పంతులుగారు సవర గూడేలకు వెళ్ళిన నూరేళ్ళకు మళ్ళీ సవర వాచకం బళ్ళోకి వచ్చింది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే కార్యక్రమం మొదలుపెట్టింది. గోండి, కోలామి, కోయ, బంజారా, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషలు ఎంచుకున్నారు. మొదట సుమారు 240 బళ్ళు. లిపి తెలుగుదే, భాష మాత్రం పిల్లలది.

పుస్తకాలు తయారుచేసిన తీరు మనకు పాఠం. ఆ భాష మాట్లాడే గిరిజన ఉపాధ్యాయులు, గూడెం పెద్దలు, పాటలు కథలు తెలిసినవాళ్ళు ఒకచోట కూర్చున్నారు. ఏ నెలలో ఏ పండుగ, ఏ పంట, ఏ అడవి కాయ, ఏ ఆట వస్తాయో సంవత్సరం పొడుగునా వరస వేసుకున్నారు. ఆ వరస ప్రకారం పాఠాలు అల్లేరు. విత్తనాల పండుగ నెలలో విత్తనాల పాఠం, సంత గురించి లెక్కల పాఠం. మొదటి తరగతిలో పిల్లవాడు తన భాషలోనే చదువుకుని, పై తరగతులకు పోయినకొద్దీ తెలుగులోకి, ఆపైన ఇంగ్లీషులోకి మెట్లెక్కినట్టు వెళ్ళాలన్నది ఏర్పాటు.

మన పక్కనున్న బుట్టాయగూడెం, పోలవరం ఏజెన్సీలో కోయ కుటుంబాలున్న సంగతి అందరికీ తెలుసు. సంతకు వచ్చిన కోయ పిల్లల్ని చూసి, వాళ్ళకు చదువు అబ్బదని అనేవాళ్ళు మనలోనే ఉన్నారు. అబ్బకపోవడం పిల్లవాడి తప్పా? తెలియని భాషలో చెప్పి, రాలేదని వాడినే తిట్టడం ఏం న్యాయం? ఆ మాట కోయ పిల్లవాడికే కాదు, మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడుతూ పెరిగి తెలుగు బళ్ళో చేరిన పిల్లకు కూడా వర్తిస్తుంది.

అన్నీ సాఫీగా జరిగేయని మేము చెప్పడం లేదు. కొందరు తల్లిదండ్రులే, మా భాష ఇంట్లో వస్తుంది గదా, బళ్ళో తెలుగు ఇంగ్లీషు చెప్పండి అన్నారు. వాళ్ళ భయం కూడా అర్థం చేసుకోవలసిందే. ఇంటి భాష చదువుకు గోడ కాకూడదు, మెట్టు కావాలి. పై మెట్టు లేని మెట్టు ఎవరికీ అక్కర్లేదు.

తలుపులు తెరిచిన చదువు

ఇక తెరిచిన చదువు సంగతి. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. సార్వత్రిక విద్యలో మన దేశానికి అదే మొదటిది. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డిగారు తర్వాత 1985లో ఢిల్లీలో పెట్టిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1991లో మన విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. బడి మధ్యలో మానేసినవాళ్ళు, అసలు బడి గుమ్మం తొక్కనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కలిగింది. ఇంటి దగ్గరే చదువుకుని డిగ్రీ పుచ్చుకున్న ఇల్లాళ్ళు, గుమాస్తాలు, దుకాణదారులు ఎంతమందో. అక్కడ తెరిచింది తలుపు. పాఠం మాత్రం విద్వాంసులే కూర్చుని రాశారు, అది వాళ్ళు రాయవలసినదే.

2000 తర్వాత తెరవడం అన్న మాటకు ఇంకో అర్థం వచ్చింది. అమెరికాలో ఎం.ఐ.టి. అనే పేరుమోసిన విద్యాసంస్థ తన పాఠాలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడతానని 2001లో ప్రకటించింది. 2002లో యునెస్కో పారిస్ సమావేశంలో ఇలాంటి పాఠాలకు ఒక పేరు పెట్టారు. ఎవరైనా చదవవచ్చు, కాపీ తీసుకోవచ్చు, తమ పిల్లలకు తగినట్టు మార్చుకోవచ్చు, మార్చినదాన్ని మళ్ళీ పదిమందికి పంచవచ్చు అన్నది దాని సారాంశం. 2019లో యునెస్కో సభ్యదేశాలన్నీ దీన్ని ప్రోత్సహించాలని తీర్మానం చేశాయి. ఉచితం వేరు, తెరిచినది వేరు. ఉచితంగా ఇచ్చిన పుస్తకంలో మన మాట చేర్చుకునే హక్కు లేకపోతే అది దానమే అవుతుంది, మన సొత్తు కాదు.

తెలుగులో దీనికి మంచి ఉదాహరణ 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా. జీతం లేకుండా, పేరు కోసం కాకుండా, ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో తలా ఒక పేరా రాసి కట్టుకున్న విజ్ఞాన సర్వస్వం అది. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు దిద్దుతారు. దిద్దిన ప్రతి దిద్దుబాటూ చరిత్రలో కనిపిస్తుంది. మన ఊళ్ళ పేర్లతో కూడా అందులో పేజీలున్నాయి. మన పిల్లలు చదువుతున్న బడి పుస్తకాల్లో ఇప్పుడు గళ్ళ గళ్ళ చదరం గుర్తు కనిపిస్తుంది. దాన్ని సెల్‌ఫోనుతో చూస్తే 2017లో కేంద్రం ప్రారంభించిన దీక్షా వేదికలోని పాఠాలు వస్తాయి. తలుపులు చాలానే తెరుచుకున్నాయి. లోపలికి వెళ్ళి మన పీట మనం వేసుకోవడమే మిగిలింది.

మనం ఏం నేర్చుకోవాలి

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఒక అపోహ తీర్చింది. దేశంలో బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాల్లో చదివేవాళ్ళు నూటికి నలుగురికి మించి లేరని లెక్క తేల్చింది. అంటే మన పిల్లల చదువు మంచి అయినా చెడు అయినా మామూలు బళ్ళోనే తేలాలి. ఆ బడి పాఠానికీ మన ఇంటికీ మధ్య వంతెన వేసే పని సంఘానిదీ, కుటుంబాలదీ.

ఇంతవరకూ చెప్పిన చరిత్రలోంచి పనికొచ్చే సూత్రాలు నాలుగు కనిపిస్తున్నాయి.

మొదటిది, ముందు వినాలి. మన మెట్టలో ఏ మాటలు నలుగుతున్నాయి? పొగాకు బ్యారన్, బేళ్ళు, పామాయిల్ గెలలు, జీడిమామిడి తోట, కూలి, రేషను కార్డు, డ్వాక్రా పాసుపుస్తకం. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వేలం కేంద్రాలకు పొగాకు తోలే రైతు దగ్గర చీటీ ఉంటుంది. అందులో తూకం, గ్రేడు, ధర ఉంటాయి. ఆ చీటీయే ఒక లెక్కల పాఠం. ఏలూరులో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా నేసిన తివాచీలు 1851లో లండన్ ప్రదర్శనకు కూడా వెళ్ళాయి. ఏ బడి పుస్తకంలో ఉంది ఆ సంగతి? ఆ తివాచీ మగ్గం చరిత్ర పాఠమూ అవుతుంది, ముళ్ళూ వరసలూ లెక్కబెడితే హెచ్చవేతల పాఠమూ అవుతుంది.

రెండోది, పాఠం చివర ప్రశ్న ఉండాలి. దీనికి మా ఆలోచనలో ఉన్న ఒక పాఠం చెబుతాం. అది నికాహ్‌నామా పాఠం. మన ఆడపిల్లలు తెలుగు బళ్ళో చదివి తెలుగే చదవగలరు. నికాహ్‌నామా చాలా చోట్ల ఉర్దూలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టడం, తల్లి అయితే వేలిముద్ర వెయ్యడం జరుగుతోంది. అందులో మెహర్ ఎంత రాశారు, వెంటనే ఇవ్వవలసింది ఎంత, తర్వాత ఇవ్వవలసింది ఎంత, సాక్షులెవరు అన్నది చదువుకున్న పిల్లకు కూడా తెలియడం లేదు. మెహర్ అమ్మాయి హక్కు. హక్కు కాయితం మీద ఉండి కళ్ళకు కనిపించకపోతే ఏం లాభం? ఆ కాయితాన్నే తెలుగు అక్షరాల్లో పాఠంగా పెట్టి, చివర ఒక్క ప్రశ్న అడిగితే చాలు. మీ ఇంట్లో నికాహ్‌నామా ఎక్కడుంది, అందులో ఏం రాసి ఉంది? ఈ ప్రశ్నకు జవాబు ఏ గైడులోనూ దొరకదు. ఇంటికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరవాల్సిందే. కొందరు మగవాళ్ళకు ఈ పాఠం ఇబ్బంది కలిగించవచ్చు. సీతమ్మ పాఠం కూడా కొందరికి ఇబ్బందే కలిగించింది. అందుకని అది తప్పు పాఠం కాదు.

మూడోది, తెలిసినవాళ్ళ చేత చూపించాలి. అందరం కలిసి రాశాం గనక అంతా ఒప్పే అనుకోకూడదు. నికాహ్‌నామా పాఠం ఖాజీగారికీ, చట్టం తెలిసిన వకీలుకీ చూపించాలి. పంట పాఠం వ్యవసాయశాఖ వారికి, మందుల పాఠం డాక్టరుకు చూపించాలి. జనం మాటా, నిపుణుడి మాటా రెండూ కలిస్తేనే పాఠం నిలుస్తుంది. రామమూర్తి పంతులుగారు భాషాశాస్త్రం తెలిసినవారు కాబట్టే సవరలు చెప్పింది సరిగ్గా రాయగలిగారు. అలాగే కూర్చున్నచోట పెద్దల గొంతే వినిపించి, ఆడవాళ్ళూ పిల్లలూ వెనక చాప మీద మౌనంగా ఉండిపోతే అది కలిసి రాసుకున్న పాఠం కాదు. ముందు వాళ్ళను మాట్లాడనివ్వాలి. ఆ తర్వాతే పెద్దలు.

నాలుగోది, పంచుకోవాలి. ఒక్కొక్క పాఠం ఒక్కొక్క విడి కాయితంగా ఉంటే మంచిది. పనికిరానిది తీసెయ్యవచ్చు, కొత్తది చేర్చవచ్చు. కాయితం పైన ఈ పాఠం ఎవరైనా కాపీ తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు అని రాయాలి. దిద్దిన తేదీ వెయ్యాలి. చింతలపూడివాళ్ళు, తాడేపల్లిగూడెంవాళ్ళు తీసుకుని తమ ఊరి మాటలు చేర్చుకుంటే మనకు నష్టం ఏముంది? కొల్లేరు లంకల పిల్లకు పామాయిల్ గెల తెలియకపోవచ్చు, చేపల చెరువూ దోనె తెలుసు. ఆ ఊరివాళ్ళు గెల తీసేసి చేప పెట్టుకుంటారు, లెక్క మాత్రం అదే. ఏ కులంవారైనా, ఏ మతంవారైనా మన పాఠం తీసుకోవచ్చు, వాళ్ళ పాఠం మనం తీసుకోవచ్చు. దూబగుంట పాఠం నెల్లూరు దాటి రాష్ట్రమంతా పాకింది ఇలాగే గదా.

ఈ పనికి పెద్ద డబ్బు అక్కర్లేదు. వారానికి ఒక సాయంత్రం, ఒక చాప, నాలుగు దస్తాల కాయితం, ఓపిగ్గా వినే ఇద్దరు చదువుకున్న పిల్లలు చాలు. మన కుటుంబాల్లో డిగ్రీలు చదివిన అమ్మాయిలూ, అబ్బాయిలూ ఉన్నారు. ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఉన్నామని బాధపడేవాళ్ళూ ఉన్నారు. నానీలు, దాదీలు చెప్పే కథలు వాళ్ళు రాసి పెట్టాలి. కథ చెప్పిన పెద్దావిడ తన కథనే తాను కూడబలుక్కుని చదువుకునే రోజు రావాలి. తన నోటి మాట అక్షరాల్లో చూసుకున్న మనిషికి చదువంటే ఇక భయం ఉండదు.

సభ్య కుటుంబాలకు మా మనవి ఒక్కటే. ఈ సంచిక అందిన వారంలోగా ఇంట్లో అందరూ కూర్చుని, మన పాఠాల్లో ఉండాలనుకున్న పది మాటలు ఒక కాయితం మీద రాసి సంఘానికి పంపండి. ఉర్దూ మాటైనా సరే, తెలుగు మాటైనా సరే, రెండూ కలిసిన మన ఇంటి మాటైనా సరే. రాయడం రానివాళ్ళు చెబితే పిల్లలు రాస్తారు. ఇన్షా అల్లాహ్, వచ్చిన మాటలన్నీ ఒకచోట పెట్టి మొదటి పాఠం అందరం కలిసే మొదలుపెడదాం.